వరండా టీచరమ్మ

మా టీచరమ్మ పోయారన్న కబురు నేను బడిలో హాజరు పిలుస్తుండగా వచ్చింది. గుమ్మం అవతల ఒక గ్యాంగు మనిషి తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. పట్టాల మీద పని మధ్యలో వచ్చినట్టున్నాడు, మోకాళ్ళ దాకా దుమ్ము. లాల్‌ఖదాన్‌లో ఊరి చివర ఆమె అద్దెకున్న ఇంట్లోనే, తెల్లవారేసరికి ప్రాణం పోయి ఉందట. కొన్నాళ్ళుగా జ్వరం వస్తూ పోతూ ఉందని, పాఠం మాత్రం నిన్నటి దాకా చెప్పారని అన్నాడు.

"మీకు సెప్పమని ఎవులూ అన్నేదమ్మా. మీరూ ఆవిడ కాడే సదువుకున్నారని ఓపాలి ఆవిడే సెప్పినాది. అందుకొచ్చినాను."

ఆమె నన్ను తలుచుకునేవారని విన్నప్పుడు ఏడుపు రావలసింది. నాకు సిగ్గు వచ్చింది.

పిల్లల్ని ఇళ్ళకు పంపేసి క్వార్టరుకు వెళ్ళి నాన్నకు చెప్పాను. నాన్న రైలింజన్ల షెడ్డులో పని వదిలి చాలా కాలమైంది. చూపు మందగించింది, రోజూ క్వార్టరు గుమ్మం దగ్గరే కూర్చుని రైళ్ళ చప్పుడు వింటూ ఉంటాడు. కబురు విని పక్కనున్న చేతికర్ర తడుముకున్నాడు. తరవాత, "నానొస్తే బాగుంటాదా అమ్మా?" అని అడిగాడు. బాగుంటుందో లేదో నాకు తెలియలేదు. నేను చీర మార్చుకుని చెప్పులు వేసుకునేదాకా ఆయన నా అలికిడి వైపే మొహం తిప్పి కూర్చున్నాడు. రమ్మని నేను అనలేదు, వద్దనీ అనలేదు. ఆయన లేవలేదు.

బయట పక్క క్వార్టరు ఆవిడ ఎక్కడికని అడిగింది. టీచరమ్మ పోయారని చెప్పాను. "ఏ టీచరమ్మ?" అని, అంతలోనే గుర్తొచ్చి, "అచ్ఛా, వరండా టీచరమ్మా" అంది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగు ఇళ్ళలో నా ఈడు వాళ్ళందరూ ఆమెను ఆ పేరుతోనే ఎరుగుదురు. ఆ పేరు పిల్లలు పెట్టింది కాదు. పెద్దలే పెట్టారు. అది ఎందుకు వచ్చిందో తెలిసినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు గాని నోరు మెదపరు. ఆమె మంచితనం రాయాలని కూర్చుంటే, మా సంగతి దాటుకుని వెళ్ళే దారి నాకు కనిపించలేదు. అందుకని మా సంగతే ముందు రాస్తున్నాను.

మా వాళ్ళంతా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. చుట్టూ హిందీ. పిల్లలు నాలుగు తెలుగు అక్షరాలైనా నేర్చుకోవాలని పెద్దలు రైలు కంపెనీ దొరలను బతిమాలి ఒక పాత సామాను గది సంపాదించారు. ముందు రేకుల వరండా. దానిని నడపడానికి ఒక కమిటీ. మా నాన్న షెడ్డులో ఫిట్టరు, ఇంగ్లీషులో సంతకం పెట్టగలడని ఆయన్ను సెక్రెటరీని చేశారు. పాఠం చెప్పడానికి పంతులు గారు ఉండేవారు, గూడ్సు ఆఫీసు గుమాస్తా బావమరిది. మెట్రిక్ తప్పారు. పద్యాలు రాగయుక్తంగా పాడేవారు, లెక్కలంటే తనకే భయం, ఆ భయం మా వీపుల మీద చింతబరికెతో తీర్చుకునేవారు. మనిషి చెడ్డవారు కారు. సంక్రాంతికీ దసరాకూ మా ఇళ్ళన్నీ తిరిగి ఆశీర్వదించి వెళ్ళేవారు.

చిక్కల్లా సర్కారు గుర్తింపు దగ్గర వచ్చింది. ట్రైనింగు పాసైన టీచరు ఒక్కరైనా బడిలో ఉండాలి, తరగతి బాధ్యత వారిదే కావాలి. ఇది రూలు. గుర్తింపు లేని బడిలో నాలుగో తరగతి చదివితే చదవనట్టే లెక్క. పై బడిలో చేర్చుకోరు, రేపు మగపిల్లాడు షెడ్డులో పని నేర్చుకోవడానికి పోతే గేటు దగ్గరే వెనక్కి పంపుతారు. పంతులు గారికి ఆ ట్రైనింగు లేదు. తెలుగు వచ్చిన ట్రైనింగు టీచరు కోసం పెద్దలు తమ ఊళ్ళకు కబుర్లు పంపారు. ఇంత దూరం రావడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నది ఒక్కరే, మిషను వాళ్ళ ట్రైనింగు బడిలో పాసైన ఆడమనిషి. ఆడమనిషా అని కొందరు నసిగారు గాని మరో దిక్కు లేదు.

ఆమెను తీసుకురావడానికి నాన్న స్టేషనుకు వెళ్ళాడు. తెల్లచీర, చేతిలో నల్ల గొడుగు, ఒక రేకు పెట్టె. నాన్న ఊరడిగాడు, చెప్పారు. పేట అడిగాడు, అదీ చెప్పారు. మాలపేట. తండ్రి కాలంలో క్రైస్తవంలో కలిశామని కూడా, అడగకుండానే చెప్పారు. అప్పటికి నాన్న ఆమె పెట్టె అందుకోవడానికి చెయ్యి చాపి ఉన్నాడు.

ఈ మాట నాన్న నాతో చెప్పింది చాలా ఏళ్ళ తరవాత. "నా చెయ్యి ఎనక్కొచ్చీసినాదమ్మా. రమ్మని నానన్నేదు, అదే వొచ్చీసినాది. ఆవిడ సూసినాది. పెట్టె తనే ఎత్తుకున్నాది."

ఆ సాయంత్రం మా క్వార్టరు ముందు కమిటీ కూర్చుంది. ఆమె ముట్టిన పలకలు పట్టుకుని పిల్లలు ఇళ్ళలోకి ఎలా వస్తారని ఒకరు. ఆమెను పంపేస్తే గుర్తింపు ఎక్కడిదని ఇంకొకరు. మర్నాడూ కూర్చున్నారు. చివరికి ఎవరికి తట్టిందో గాని ఒక ఉపాయం తట్టింది. టీచరుగా పేరు ఆమెదే ఉంటుంది. జీతమూ ఆమెదే. కుర్చీ వరండాలో వేస్తారు. లోపల పాఠం పంతులు గారే చెబుతారు. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు పంతులు గారు ఇంట్లో ఉంటారు, ఆ ఒక్క రోజు ఆమె లోపలికి వస్తారు. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. చెప్పి రావడానికి నాన్నను పంపారు.

ఆమె అంతా విని ఒక్కటే అడిగారట. "వానొస్తే వరండాలోకి జల్లు కొడతాది కదండీ సెక్రెటరీ గారూ. అప్పుడెక్కడ కూకోమంటారు?"

కమిటీ దాని గురించి అనుకోలేదు. వానాకాలమంతా ఆమె వరండాలో కుర్చీ మీద గొడుగు విప్పుకుని కూర్చునేవారు. మొదట్లో మేం పిల్లలం అది చూసి నవ్వుకునేవాళ్ళం. కొన్నాళ్ళకు అలవాటైపోయింది. అలవాటు పడడం నవ్వడం కంటే చెడ్డదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఎందుకు ఒప్పుకున్నారని నేను పెద్దయ్యాక ఒకసారి ఆమెనే అడిగాను. "మా ఊళ్ళో మాత్రం ఏటున్నాదమ్మా? అక్కడ నిలబెట్టేవోరు. ఇక్కడ కుర్చీ ఏసినారు" అన్నారు. ఎత్తిపొడుపు ఏమీ లేదు ఆ గొంతులో. ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆమె అందరికంటే ముందు వచ్చేవారు. కొంగుతో కుర్చీ తుడుచుకునేవారు. బడి కుండ ముట్టకూడదు గనక ఇంటి నుంచి ఒక గాజు సీసాలో నీళ్ళు తెచ్చుకుని కుర్చీ కాలి పక్కన పెట్టుకునేవారు. ఆమె మొహం పిల్లలకు కనిపించకుండా కుర్చీ వీపు కిటికీ వైపు ఉండాలన్నది కూడా కమిటీ మాటే. యార్డులో మేకలు వరండా ఎక్కబోతే అదిలించేవారు. ఒళ్ళో పుస్తకం ఉండేది గాని పేజీ తిరిగేది కాదు. నాకు బరికె దెబ్బ పడ్డ ప్రతిసారీ నేను కిటికీ వైపు చూసేదాన్ని. ఆమె భుజాలు బిగుసుకునేవి.

మొదటి ఇన్‌స్పెక్షను రోజున ఆమె లోపలికి వచ్చి మా వంక కొత్తవాళ్ళను చూసినట్టు చూశారు. ఒక్కొక్కరినీ ఏదైనా మాట్లాడమన్నారు. నోరు తెరవగానే పేరు చెప్పేశారు. మా గొంతులన్నీ ఆమెకు తెలుసు, మొహాలే తెలియవు. తెలుగు రాని ఆ ఇన్‌స్పెక్టరు అదేదో కొత్త పద్ధతి అనుకుని తల ఊపాడు.

ఆ రోజు పాఠం నాకు ఇప్పటికీ గుర్తు. పొద్దున ఇంట్లో ఎవరేమన్నారో చెప్పమన్నారు. "మా అమ్మ, ఏటి ఇంకా నెగవనేదా, అన్నాది" అని నేను చెప్పి, వెంటనే చేతులు వెనక్కి దాచుకున్నాను. "ఏటి" అన్నందుకు పంతులు గారు కొట్టేవారు. ఆమె నేను అన్నది అన్నట్టే నల్లబల్ల మీద రాశారు. పక్కనే "ఏమిటి, ఇంకా లేవలేదా" అని రాశారు. "రెండూ మనవే. ఇది ఇంటికి, ఇది కాయితానికి. ఏది ఎక్కడ వాడాలో తెలిస్తే చాలు, ఏదీ తప్పు కాదు" అన్నారు. మా అమ్మ మాట బల్ల మీద అక్షరాల్లో కనిపించడం అదే మొదటిసారి. తరగతంతా ఆ అక్షరాలనే చూస్తూ ఉండిపోయాం.

సాయంత్రం గుమ్మంలోనే ఆపి అమ్మ నా నెత్తి మీద చెంబుతో నీళ్ళు పోసింది. పుస్తకాల సంచీ మీద పసుపునీళ్ళు చిలకరించింది. ఆ వీధిలో అన్ని ఇళ్ళ ముందూ తడిసిన పిల్లలు నిలబడి ఉన్నారు.

తరవాత్తరవాత మేం ఇన్‌స్పెక్షను కోసం ఎదురుచూడడం మొదలుపెట్టాం. ఏడాదికి ఒక్కసారే వచ్చేది.

నేను మూడో తరగతిలో ఉండగా ఇన్‌స్పెక్టరు మారాడు. నాగపూరు వైపు మనిషి. కొత్తాయన కబురు లేకుండా వచ్చాడు. ఎండలు ముదిరిన రోజులు. ఆయన వచ్చేసరికి లోపల పంతులు గారు బరికెతో ఉన్నారు, బయట ఆమె యార్డు వైపు తిరిగి కూర్చుని ఉన్నారు. నువ్వెవరని ఆమెనే ముందు అడిగాడు, హిందీలో.

ఆమె లేచి, నేను ఈ బడి టీచరునని అన్నారు. మరి లోపల ఉన్నది ఎవరు? పంతులు గారని, పిల్లలకు పద్యాలు నేర్పడానికి నేనే పిలిచానని, గాలి ఆడక కాసేపు బయట కూర్చున్నానని, తడుముకోకుండా చెప్పారు. లోపల పంతులు గారికి చెమటలు పట్టాయి. ఈలోగా ఎవరో షెడ్డుకు పరిగెత్తినట్టున్నారు, నాన్నా మరో ఇద్దరు పెద్దలూ నూనె చేతులతోనే వచ్చారు. ఈవిడ ఇక్కడ పాఠం చెబుతోందా అని ఇన్‌స్పెక్టరు నాన్నను అడిగాడు.

"అవును సాబ్. ఈవిడే మా టీచరు" అన్నాడు నాన్న. ఆ మాట ఆయన నోట నేను అంతవరకు వినలేదు.

అయితే చెప్పమనండి, వింటానన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆమె లోపలికి వచ్చి చెప్పారు. భాగహారాలు చెప్పారు, చదివించారు, మా ఊరి అర్పా నది ఎటు నుంచి ఎటు పోతుందో బల్ల మీద గీసి చూపించారు. ఆయన కదలకుండా కూర్చున్నాడు. ఒక తరగతి అయ్యాక ఇంకో తరగతికి చెప్పమన్నాడు. ఆమె గొంతు బొంగురుపోయింది, పెదవులు తెల్లగా ఎండిపోయాయి. అప్పుడాయన దాహం అన్నాడు. మాలో ఒక పిల్ల కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి తెచ్చింది.

ఆయన అందుకోలేదు. "ముందు బహన్‌జీకి ఇవ్వు" అన్నాడు.

ఆ పిల్ల గ్లాసు పట్టుకుని అక్కడే ఆగిపోయింది. గుమ్మంలో ఉన్న పెద్దల వైపు చూసింది. నాన్న నేల చూస్తున్నాడు. మిగతా ఇద్దరూ గోడ చూస్తున్నారు. ఒక్కరంటే ఒక్కరు, ఇవ్వమ్మా, అనలేదు. వద్దని కూడా అనలేరు, ఇన్‌స్పెక్టరు చూస్తున్నాడు. యార్డులో ఇంజను ఒకటి పెట్టెల్ని గుద్దుతూ ఉంది.

"నాకు దాహం లేదండి" అన్నారు టీచరమ్మ. హిందీలో కూడా అదే మాట అన్నారు.

ఇన్‌స్పెక్టరు ఆమె పెదవులు చూశాడు. కుండ చూశాడు. వరండాలో కుర్చీ కాలి పక్కనున్న గాజు సీసా చూశాడు. ఆయనకు ఇంకేమీ చెప్పనక్కర లేకపోయింది. తనూ ఆ నీళ్ళు తాగలేదు. లేచి నాన్నతో, ఈసారి వచ్చినప్పుడు ఆ కుర్చీ వరండాలో కనిపిస్తే గుర్తింపు ఉండదని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

మా కాలనీ పరువు ఆమె ఎండిన గొంతు మీద నిలబడింది ఆ రోజు. ఆమె తాగి ఉంటే కుండ పగలగొట్టేవాళ్ళు, పిల్లలెవరూ మళ్ళీ బడికి రాకపోయేవారు. అది ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని మా పెద్దలకూ తెలుసు. ఒక్కరూ ఆమెకు మొహం చూపించి మాట్లాడలేదు, అందరూ నాన్న వెనకే షెడ్డు వైపు నడిచిపోయారు.

మర్నాడు కుర్చీ లోపలికి వెళ్ళింది. చాలామంది పిల్లలు రాలేదు. నన్నూ పంపవద్దని అమ్మ అడ్డుపడింది. "సాహెబు ముందర ఈవిడే మా టీచరని అబద్దమాడినాను. ఇయ్యాల్నుంచి దాన్ని నిజం సెయ్యాల. పంపు" అన్నాడు నాన్న. మా నాన్న గురించి నేను తలెత్తుకుని చెప్పగలిగిన మాట అదొక్కటి. అది కూడా సగమే. ఆమె కోసం వేరే కుండ వేయించాడు గాని, ఉన్న కుండ ఆమె ముట్టవచ్చని మాత్రం అనలేకపోయాడు.

నాలుగో తరగతి ప్యాసు కావాలి గనక కొన్ని నెలల్లో పిల్లలందరూ తిరిగి వచ్చారు. సాయంత్రం స్నానాలు మాత్రం ఆగలేదు. ఒక చలికాలం సాయంత్రం నేను తడితలతో వీధి కొళాయి దగ్గర నిలబడి ఉంటే ఆమె ఇంటికి పోతూ కనిపించి ఆగారు. మా ఇంటి వైపు చూసి, గొంతు తగ్గించి, "రోజూ తలకి పోసుకుంటే రొంప పడతాది. కాళ్ళు కడుక్కుంటే చాలు. నేను సెప్పినానని మీ అమ్మతో అనీకు" అన్నారు. స్నానం ఎందుకో ఆమెకు తెలియనిది కాదు. ఆమె బెంగ నా జలుబు గురించి. ఈ ఒక్క సంగతి తలుచుకుంటే ఈ వయసులో కూడా నా చెవులు వేడెక్కుతాయి.

కుర్చీ మారాక పంతులు గారి పని పోవలసింది. చిన్నపిల్లలకు పద్యాలు చెప్పే సహాయకుడిగా ఉండనివ్వమని కమిటీని అడిగింది ఆమే. తరవాత పంతులు గారు ఇంటి దగ్గర చదువుకుని టీచరు పరీక్షకు కూర్చుంటానన్నారు. దానికొక రూలుంది. ట్రైనింగైన టీచరు చేతి కింద కొంతకాలం పాఠాలు చెప్పి చూపించాలి. ఆమె ఒప్పుకున్నారు. లెక్కలు కూడా తనే నేర్పారు. ఆయన నిలబడి పాఠం చెబుతుంటే ఆమె వెనక బెంచీలో పిల్లల పక్కన కూర్చుని వినేవారు. ఒకరోజు జవాబు రాని పిల్లవాణ్ణి కొట్టడానికి ఆయన చెయ్యి బరికె మీదికి పోతూంటే, "పంతులు గారూ, అది బల్ల మీద పెట్టేసి, ఇప్పుడు మళ్ళీ అడగండి" అన్నారు. ఆయన పెట్టేశారు. మళ్ళీ అడిగారు. ఆ పిల్లవాడు జవాబు చెప్పాడు. పంతులు గారు వాడి వంక చాలాసేపు చూశారు.

ఆయన పాసైతే నీ చోటుకే ముప్పు కదా అని మిషనులో ఆమె సావాసగత్తె అడిగిందట. "ఆయన సరిగ్గా సెప్పకపోతే నష్టం నాకా ఏటి, పిల్లలకి కదా" అన్నారట.

ఆయన పాసయ్యారు. కమిటీ మళ్ళీ మా క్వార్టరు ముందు కూర్చుంది. అప్పటికి నేను ఊళ్ళో ఆడపిల్లల పై బడిలో ఉన్నాను, మాటలన్నీ అర్థమయ్యే వయసు. ట్రైనింగు టీచరు ఒకరుంటే చాలని రూలు. ఇప్పుడు మనకు మనవాడే ఉన్నాడు. ఇద్దరెందుకు? అంతే, వాదన కూడా జరగలేదు. రూలు పట్టుకుని ఆమె మా బడికి వచ్చారు. ఆ రూలు చాటునే మేం ఆమెను పంపేశాం. కాగితం మీద సంతకం నాన్నది. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

చెప్పడానికి మళ్ళీ నాన్నే వెళ్ళాడు. "పిల్లలకి నేను సెప్పనా, మీరు సెప్తారా సెక్రెటరీ గారూ?" అని అడిగారట. నేనే చెబుతానన్నాడు నాన్న. చెప్పలేదు. మర్నాడు పిల్లలు వచ్చి ఆమె కోసం చూసి, పంతులు గారిని అడిగి, ఆయన పద్యం ఎత్తుకుంటే, వాళ్ళూ వెంట పాడారు.

ఆమె ఊరు వదిలి పోలేదు. లాల్‌ఖదాన్‌లో పట్టాల పక్కన ఒక ఇల్లు తీసుకుని గ్యాంగు వాళ్ళ పిల్లలకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. పట్టాల కింద కంకర ఎక్కించే వాళ్ళ పిల్లలు. మా కాలనీ బడిలో వాళ్ళకు ఎప్పుడూ చోటు లేదు. ఆ ఇంటికి వరండా లేదు, ఒకటే గది. తెలుగు పిల్లలు, ఛత్తీస్‌గఢీ పిల్లలు అందరూ ఆ గదిలోనే. గుర్తింపు లేదు, గంట లేదు, ఇన్‌స్పెక్టరు లేడు. గుర్తింపు లేకపోయినా ట్రైనింగు పాసైన టీచరు చెప్పే బడి ఆ ప్రాంతంలో బహుశా అదొక్కటే అయి ఉంటుంది.

నేను టీచరు ట్రైనింగుకు పోదామనుకున్నప్పుడు, నాకు పాఠం చెప్పిన ట్రైనింగు టీచరు ఒకరు నా తరఫున రాసి సంతకం పెట్టాలన్నారు. పంతులు గారిని అడగవచ్చు. నాన్నే, "టీచరమ్మ కాడికెల్దాం" అన్నాడు. నా వెంట వచ్చాడు. ఆమె ఇంటి ముందు దాకా వచ్చి దారిలోనే ఎండలో ఆగిపోయాడు.

ఆమె నన్ను చూసి పోల్చలేదు. నేను నోరు తెరిచాక పేరు పెట్టి పిలిచారు. వచ్చిన పని చెప్పాను. రాస్తూ రాస్తూ తలెత్తి, "పిల్లల్ని కొడతావా?" అని అడిగారు. కొట్టనన్నాను. "అనడం తేలికే. గది నిండా పిల్లలు, మే నెల ఎండ, పక్కనే ఇంజను కూత. అప్పుడు సెప్పు" అని నవ్వారు. కిటికీలోంచి నాన్నను చూసి లోపలికి పిలవమన్నారు. పిలిస్తే, పరవాలేదమ్మా అన్నాడు. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ ఆమె తనే తీసుకెళ్ళి గుమ్మం నీడలో వేశారు. నాన్న దాని వంక చూసి, అక్కడే నిలబడిపోయాడు. కూర్చోలేదు. ఆమె ఇంకోసారి అనలేదు, లోపలికి వచ్చి సంతకం పెట్టి ఇచ్చారు.

తిరిగి వస్తుంటే సగం దారిలో నాన్న, "ఆవిడేసిన కుర్చీలో నానేటి మొకం ఎట్టుకుని కూకోను" అన్నాడు. అసహ్యంతో కూర్చోని మనిషీ, సిగ్గుతో కూర్చోలేని మనిషీ చూసేవాళ్ళకు ఒకేలా ఉంటారు. ఆమె ఏమనుకున్నారో నాకు తెలియదు. ఆమె జీవితమంతా చూసింది మొదటి రకం వాళ్ళనే. ఇది రెండో రకమని పోల్చుకునే అవకాశం మేం ఏనాడు ఇచ్చాం?

ఇప్పుడు మా కాలనీ బడిలో, ఆ సామాను గదిలోనే, నేను టీచరును. నా అర్హత ఏదని అడిగితే చూపించే కాగితాల్లో మొదటిది ఆమె రాసిచ్చింది. పాఠాల్లో పిల్లలు "ఏటి" అంటే దాని పక్కన "ఏమిటి" రాస్తాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు లాల్‌ఖదాన్ వెళ్ళేదాన్ని. వెళ్ళినప్పుడల్లా ఆమె నా తరగతి గురించే అడిగేవారు, పిల్లలెంతమంది, ఎవరు వెనకబడ్డారు, ఎందుకు. మా పెద్దల గురించి ఎన్నడూ అడగలేదు. ఒకసారి మా బడికి రమ్మన్నాను. "మంచిదే గాని, నన్నెక్కడ కూకోబెడతావమ్మా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నా కుర్చీలో, అని వెంటనే చెప్పవలసింది. కమిటీని అడగాలేమో అన్న ఆలోచన ముందు వచ్చింది. ఆ ఆలోచన ఆమెకు నా మొహంలో కనిపించింది. మాట మార్చేశారు.

మిషను వాళ్ళ శ్మశానం దగ్గరికి నేను చేరేసరికి ప్రార్థన మొదలైంది. గ్యాంగు వాళ్ళు డ్యూటీ బట్టలతోనే వచ్చారు, చాలామంది ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళు. ఆడవాళ్ళు చంటిపిల్లల్ని ఎత్తుకుని ఒక పక్కగా నిలబడ్డారు. మా కాలనీ నుంచి నేను కాక ఇంకొక్కరే వచ్చారు, పంతులు గారు. గోడ అవతలే ఉండిపోయారు. నేను దగ్గరికి వెళితే, "నేను పాసైన రోజున నాకంటే ఆవిడే ఎక్కువ సంతోషించిందమ్మాయ్" అన్నారు. ముసలివారు, గోడ పట్టుకుని నిలబడ్డారు.

బంధువులెవరైనా ఉన్నారా అని పాదిరి గారు అడిగారు. ఎవరూ లేరు. నా బట్టలు చూసి కాలనీ మనిషినని పోల్చినట్టున్నారు, మీరేమవుతారని నన్ను అడిగారు. ఆమె దగ్గర చదువుకున్నానని చెప్పాను. ముందున్న వాళ్ళు వెనక్కి తిరిగి చూసి, పక్కకు జరిగి, నన్ను గోతి దగ్గరికి రానిచ్చారు. ఇంత సులువుగా చోటు ఇవ్వవచ్చని మావాళ్ళెవరికీ ఎందుకు తట్టలేదో.

మట్టి కప్పడం గ్యాంగు వాళ్ళు తమ చేతికే తీసుకున్నారు. అక్కడి నేలంతా కంకరే. పార వేసిన ప్రతిసారీ రాళ్ళు వస్తున్నాయి. కబురు తెచ్చిన ఆ మనిషి పారలు ఆపమని, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రోజంతా పట్టాల కింద రాళ్ళు దట్టించే చేతులవి. ఆ చేతులతో మట్టిలోంచి రాళ్ళు ఒకటొకటిగా ఏరి పక్కన పెట్టసాగాడు. కాసేపటికి మిగతా వాళ్ళూ పారలు కింద పెట్టి అతని పక్కన కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. మెత్తని మట్టి మాత్రమే ఆమె మీద పడేటట్టు, ఎండ వాలేదాకా రాళ్ళు ఏరుతూనే ఉన్నాం.